కొమ్ము లేని పురుగు

నేను ఒక జంటకళ్ళ సూక్ష్మదర్శినిని. అంబాలాలో ఒక చిన్న కార్ఖానాలో నా అద్దాలను అరగదీసి బిగించారు. మొదట విత్తనాల పరీక్షా కేంద్రంలో ఉన్నాను. అక్కడి అధికారి ముందు సంచిని, ఆ తర్వాత తెచ్చినవాడి ముఖాన్ని, తీరిక దొరికితే నాలోంచి గింజల్ని చూసేవాడు. తర్వాత ఉట్నూరు వైపు ఒక కాలేజీకి చేరాను. నేను పాడవకూడదని తొమ్మిదేళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ తాళం తీయించింది భూలక్ష్మి. పేడలో బతికే, మెతుకంత నల్లటి పెంకుపురుగుల మీద ఆమె పరిశోధన. వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

"పెండపురుగులకు గింత సదువా బిడ్డా!" అని అటెండరు పోచన్న నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి, గంటల తరబడి కదలకుండా నాలోంచి చూసేది.

గేదె పేడలో దొరికిన మగపురుగులకు తలమీద కొమ్ముంది. మేక పెంటికల్లో దొరికినవాటిలో ఒక్కదానికీ లేదు. ఇది కొత్త జాతి అనుకుంది. చిన్నప్పుడు ఈ పురుగుల్ని చూపించిన తల్లి రాజవ్వ పేరే దానికి పెట్టి వ్యాసం రాసింది. మర్నాడు పంపాలి.

ఒక్క పని మిగిలింది. వీటిలో మగదాని జననావయవం జాతికొక తీరుగా ఉంటుంది. సన్నని సూదులతో కొమ్ము లేనిదాని పొట్ట విప్పింది. లోపలిది అచ్చం కొమ్మున్నదానిదే, చివరి వంపుతో సహా. ఇంకొకటి విప్పింది. పన్నెండు విప్పింది. తేడా లేదు. పెంటికలో తిండి చాలక కొమ్ము మొలవలేదు, అంతే. జాతి ఒక్కటే. ఆమె నా చక్రం తిప్పి మళ్ళీ సరిచూసింది.

"పైరూపం రాస్తే సాలమ్మా. పొట్ట ఇప్పి ఎవలు చూస్తరు?" అన్నారు ఆమె గైడు విఠల్ సార్.

"నేను చూసిన గద సార్."

ఆమె వ్యాసంలో తల్లి పేరున్న చోటల్లా గీత కొట్టింది. ఇన్నేళ్ళలో నాలోంచి ఇంత నిజాయితీగా చూసిన కన్ను ఇంకొకటి లేదు.

"మీ అవ్వకేం చెప్తవ్ మరి?" పోచన్న మెల్లగా అడిగాడు.

"బర్లకాడియి, మేకలకాడియి ఒక్కటేనట అని చెప్త. 'గీ ముచ్చటకు గిన్నేండ్లు సదివినవా' అంటది."

నవ్వబోయింది, నవ్వు సగంలో ఆగింది. కళ్ళు తుడుచుకుని పదమూడో పురుగును నా కింద పెట్టింది.