ఫారం ఇవ్వని వీధి

జగ్గయ్యపేటలో ఆ వీధి పిల్లలందరూ వజీరా చేతి గుడ్డు తిని పెరిగినవాళ్లే. పద్దెనిమిదేళ్లుగా ఆమె అక్కడ అంగన్‌వాడీ టీచరు. ఓటర్ల జాబితా పని వచ్చినప్పుడు ఆ వీధి ఇళ్లన్నీ ఆమెకే అప్పగించారు. ఇంటింటికీ ఫారం ఇవ్వాలి, సంతకం పెట్టించి వెనక్కి తీసుకోవాలి. ఫారం రాని పేరు జాబితాలో ఉండదు.

నాలుగు రోజులు పని బాగానే సాగింది. అయిదో రోజు లూర్దమ్మ ఫారం ముట్టుకోలేదు.

లూర్దమ్మ మిరప కోతలకి వెళ్లే మనిషి. భర్త పోయినప్పట్నుంచీ పింఛను వస్తోంది. వజీరా కూతురు నిషాత్ చిన్నప్పుడు సగం రోజులు ఆమె ఒళ్లోనే ఉండేది. అలాంటి మనిషి గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నాకొద్దులే వజీరా" అంది.

"అదేంటి పిన్నీ?"

లూర్దమ్మ ఫోన్ తెచ్చి చూపించింది. నందిగామ నుంచి నడిచే 'గడప వార్త' అనే యూట్యూబ్ ఛానెల్. ఒకతను గట్టిగా చెప్తున్నాడు: "ఈ ఫారం మీద సంతకం పెడితే పింఛను కట్? రేషన్ కార్డు కట్?" వెనక ఎర్రక్షరాలు, పెద్ద మ్యూజిక్కు.

"పచ్చి అబద్ధం పిన్నీ. ఇది ఒక్క ఓటు కోసమే. పింఛనుకీ దీనికీ సంబంధమే లేదు."

"మన వీధి కాలవ పూడిక ఎవరు తీయించారు? ఆ అబ్బాయి వచ్చి వీడియో తీస్తేనే కదా ఆఫీసరు పరిగెత్తుకొచ్చింది. వాడికి మనతో అబద్ధం చెప్పే అవసరమేంటి?"

అది నిజమే. కాలవ అతని వీడియో వల్లే బాగైంది. వజీరా పక్కింటికి నడిచింది. సాయంత్రానికి ఇంకో పదిహేను ఇళ్లలో ఇదే మాట.

మర్నాడే బస్సెక్కి నందిగామ వెళ్లింది. కోర్టు దగ్గర జిరాక్స్ షాపు పై అంతస్తులో ఛానెల్ ఆఫీసు. ఓనరు సతీష్‌బాబు మర్యాదగా కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాడు.

"ఆ వీడియో తీసెయ్యండి బాబూ. అది నమ్మి ఫారం ఇవ్వకపోతే వాళ్ల ఓటు పోద్ది."

"పింఛను కట్ అని నేనెక్కడ చెప్పానండీ? కట్ అవుతుందా అని అడిగా. చివర ప్రశ్న గుర్తుంది చూడండి."

"మా వీధిలో వినేవాళ్లకి ఆ గుర్తు వినపడదు బాబూ."

అతను కెమెరా స్టాండు ముందుకి జరిపాడు. "సరే, అసలు సంగతి మీరే చెప్పండి. రికార్డు చేసి పెడతా" అన్నాడు. వజీరాకి ప్రాణం లేచొచ్చింది. కొంగు సర్దుకుని పది నిమిషాలు వివరంగా చెప్పింది. మధ్యలో అతను అడిగాడు: "అయితే పేర్లు పోతాయంటారు?"

"పోతాయండీ. ఫారం రాలేదని నేనే రాసి పంపాలి."

ఆ సాయంత్రం వచ్చిన వీడియో ముప్పై సెకన్లు. అందులో ఉన్నవి ఆ రెండు మాటలే. పైన 'పేర్లు తీసేస్తానంటూ అంగన్‌వాడీ టీచరు బెదిరింపు' అని రాసి ఉంది.

ఆమె భర్త సలీం ఆటో స్టాండులో ఆ వీడియో చూసి ఇంటికొచ్చేశాడు. "నిన్నెవరు వెళ్లమన్నారు అక్కడికి?" అని కేకలేశాడు. సతీష్‌బాబుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడు సెంటరుకి రోజూ వచ్చే ఇరవై మంది పిల్లల్లో ఆరుగురే వచ్చారు. గడప తొక్కకముందే తలుపులేసుకుంటున్నారు జనం.

గడువు రేపనగా వజీరా మిగిలిన ఫారాలన్నీ ముందేసుకుని కూర్చుంది. లూర్దమ్మ వేలిముద్ర వెయ్యదు, సంతకమే పెడుతుంది. మూడక్షరాలు, వంకరగా. వజీరాకి ఆ సంతకం బాగా తెలుసు. పెన్ను కాగితం మీద ఆనించింది కూడా. 'ఇప్పుడు నేను దొంగ సంతకం పెడితే, వాడు నన్ను తప్పుడుదాన్ని చేసింది నిజమైపోద్ది' అనుకుని పెన్ను విసిరికొట్టింది. పరుగున లూర్దమ్మ ఇంటికెళ్లి కాళ్లు పట్టుకుంది.

"ఒక్క సంతకం పిన్నీ. నా బిడ్డ మీద ఒట్టు."

లూర్దమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది. ఆమె కళ్లలోనూ నీళ్లే. "పింఛను ఆగితే నా బీపీ మందులెవరు కొంటారే? నీకు ఉద్యోగం ఉంది, పైవాళ్లు చెప్పింది చెయ్యాలి. నీ తప్పు కాదులే. వెళ్లు."

జాబితా వచ్చింది. వీధిలో అరవై ఒక్క పేర్లు లేవు. మళ్లీ చేర్చుకునే గడువులో వజీరా వేరే ఫారాలు పట్టుకుని తిరిగింది. ఇరవైమూడు మంది తీసుకున్నారు. లూర్దమ్మ తలుపు తీయలేదు. 'గడప వార్త'లో మాత్రం కొత్త వీడియో వచ్చింది: "ముందే చెప్పాం!"

పోలింగు రోజున స్కూలు గేటు దగ్గర టేబులేసుకుని, జాబితాలో పేర్లు చూసి చీటీలిచ్చే పని వజీరాదే. ఎనిమిదింటికల్లా లూర్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఓటరు కార్డు పట్టుకుని వచ్చింది. వజీరా మూడుసార్లు వెతికింది, ఉండదని తెలిసి కూడా.

"లేదు పిన్నీ."

"కార్డుందిగా!"

"కార్డుంటే చాలదు పిన్నీ. జాబితాలో ఉండాలి."

"పాతికేళ్లుగా వేస్తున్నా." లూర్దమ్మ కార్డు టేబుల్ మీద కొట్టింది. లైనులో వాళ్లంతా తిరిగి చూశారు. "నువ్వే తీసేశావే. ఆ అబ్బాయి చెప్తే నేను నమ్మలా. మన వజీరా అట్టాంటిది కాదులే అనుకున్నా."

వజీరా లేవబోయింది. వెనక ఎవరో, "మా పేరు చూడండి మేడం, టైమవుతోంది" అన్నారు. కూర్చుని, కనపడని కళ్లతో పేజీ తిప్పింది. ఆమె తలెత్తేసరికి లూర్దమ్మ రోడ్డు దాటిపోయింది.

ఆ తర్వాతి ఒకటో తారీఖున కూడా పింఛను ఎప్పటిలాగే వచ్చింది. ఆ మాట తెలిసి వజీరా ఆశగా వెళ్లింది. ఈసారి లూర్దమ్మ తలుపు తీసింది.

"చూశావా పిన్నీ, పింఛను ఎక్కడికీ పోలా."

"ఎందుకు పోద్ది? నేను ఫారం ఇవ్వలాగా."

"ఇచ్చినవాళ్లందరికీ కూడా వచ్చింది పిన్నీ! కావాలంటే అడుగు."

"వాళ్ల సంగతి ముందు ముందు చూద్దువులే" అంది లూర్దమ్మ, జాలిగా.

వజీరా సంచిలో పేరు మళ్లీ చేర్చుకునే ఫారం ఉంది. దాన్ని బయటికి తీసింది. లూర్దమ్మ దానివైపు చూసి, లోపలికి వెళ్లి అన్నం వార్చుకోవడం మొదలుపెట్టింది. వజీరా గుమ్మంలోనే చాలాసేపు నిలబడింది. ఫారం చేతిలోనే ఉంది.