బాగా మాట్లాడే పిల్ల

టైర్ల కొట్టు మీద మేడలో ఉంది ఆ శిక్షణ కేంద్రం. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన ముక్కులో దూరి పైదాకా వెంట వస్తుంది. పైన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు, ఒక నిలువుటద్దం. ఆ అద్దం ముందు నిలబెట్టి పదిహేడు పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఎలా నవ్వాలో నేర్పుతారు. తలుపు ఎలా తట్టాలి, కుర్చీలో ఎలా కూర్చోవాలి, "మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలి, ఏం మింగాలి, అవన్నీ నేర్పుతారు. పని మాత్రం నేర్పరు. పిల్లల్ని ఉద్యోగానికి సిద్ధం చేయడమంటే ఇదేనట.

నేర్పేది కోటు సారు. ఎంత ఉక్కపోసినా కోటు విప్పడు కాబట్టి పిల్లలు పెట్టిన పేరది.

ఆయన దగ్గర అందరికన్నా బాగా మాట్లాడేది చిలక. ఆ పిల్ల బావ సరదాకి అన్న మాట, అదే పేరై కూర్చుంది. "నీ బలహీనత ఏమిటి?" అని సారు అడిగితే మిగతా పిల్లలు బిక్కమొహాలు వేసేవాళ్లు. చిలక ఆయన కళ్లలోకి సూటిగా చూసి, "పని పూర్తయ్యేదాకా నాకు స్థిమితం ఉండదు సార్" అని తడుముకోకుండా చెప్పేది. కోటు సారు మురిసిపోయేవాడు. "చూశారా? అలా ఉండాలి!"

పక్క కుర్చీలో కూర్చునే నత్తోడు తన పేరు చెప్పడానికే చెమటలు కక్కేవాడు. వాణ్ణి గోదాములో మూటలెత్తే పనికి పంపేశారు. నోరు విప్పితే ఏడుపొచ్చే ఇంకో పిల్ల ఆసుపత్రిలో ఊడ్చే పనికి పోయింది. చిలక మాత్రం ఆ కుర్చీలోనే ఉంది.

"నీకు మంచిది చూస్తున్నానమ్మా. వాళ్లతో నీకు పోలికేంటి?" అనేవాడు కోటు సారు.

చిలక నమ్మింది. ఇంకా బాగా మాట్లాడితే ఇంకా తొందరగా వస్తుందనుకుంది. అక్కడే దెబ్బతింది.

ఆ పిల్లకు తొందర ఎందుకంటే, పడుకోవడానికి చోటు పోబోతోంది. ఉండేది అక్కాబావల దగ్గర, ఒకటే గది. మంచం వాళ్లది. బీరువాకూ పొయ్యి గట్టుకూ మధ్య పరిచే చాప చిలకది. అమ్మ పోయాక అక్క తెచ్చి పెట్టుకుంది. ఇప్పుడు అక్కకు నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి బావ తల్లి వస్తోంది. ఆవిడ పడుకోవాల్సింది ఆ చాప మీదే. ఆ మాట పైకి అన్నవాళ్లు లేరు. అంత చిన్న గదిలో అననక్కర్లేదు కూడా.

"ఏం మరదలా, ఇవాళ కూడా అద్దానికి ఇంటర్వ్యూ ఇచ్చొచ్చావా?" అనేవాడు బావ, చొక్కా విప్పుతూ.

"నవ్వు బావా, నవ్వు. రేపు పెద్దాఫీసులో కూర్చున్నాక నిన్ను గుమ్మం దగ్గరే ఆపేస్తా."

"ఆపుదువుగాని లే. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో జిగురు రాసే మనిషి కావాలంటున్నారు. అక్కడి ఆడపిల్లలు నలుగురూ కలిసి గది తీసుకున్నారు. నిన్నూ చేర్చుకుంటారట. ఏమంటావ్?"

చిలక వెళ్లి సారుని అడిగింది. ఆయన తల పట్టుకున్నాడు. "నీ మీద నేను పడ్డ కష్టమంతా తీసుకెళ్లి అట్టపెట్టెలకు అతికిస్తావా?"

చిలక వద్దంది. బావ చిన్నబుచ్చుకున్నాడు. ఆ చోటు వేరే పిల్లకు పోయింది.

కేంద్రాన్ని పోషించే పెద్దమనుషులు అప్పుడప్పుడు చూసిపోవడానికి వస్తారు. వచ్చినప్పుడల్లా చిలక ముందుకొచ్చి, ఇక్కడ నేర్చుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను అని మాట్లాడాలి. "అబద్ధం కదా సార్?" అని మొదటిసారి అడిగింది. "ఛ, అది అభ్యాసం. వచ్చినట్టే మాట్లాడితే వచ్చి తీరుతుంది" అన్నాడాయన. వాళ్లు చప్పట్లు కొట్టి, టీ తాగి, కార్లెక్కేవాళ్లు.

ఈసారి వాళ్లతో ఒకావిడ వచ్చింది. హోటళ్ల దుప్పట్లూ అక్కడ దిగినవాళ్ల బట్టలూ ఉతికించే పెద్ద లాండ్రీ ఆవిడది. చిలక చెప్పడం ముగించాక ఆవిడ చప్పట్లు కొట్టలేదు. కుర్చీ ముందుకు లాక్కుంది.

"పిల్ల బాగుందయ్యా. నా కౌంటర్లో కూర్చోవడానికి సరిగ్గా ఇలాంటిదే కావాలి. పైన గది కూడా ఖాళీగా ఉంది. పంపుతావా?"

చిలక సారు వైపు తిరిగింది.

"అయ్యో, ఆలస్యం చేశారు మేడమ్!" కోటు సారు నవ్వాడు. "తను పెద్ద ఆఫీసులో చేస్తోంది. పిల్లలకు ధైర్యం చెబుదామని ఇవాళ సెలవు పెట్టుకుని వచ్చింది."

"అవునా అమ్మా?" అంది ఆవిడ.

గది నిండా జనం. సారు చూపు తన మీదే ఉంది. అన్ని ప్రశ్నలకూ జవాబులు నేర్పారుగానీ దీనికి నేర్పలేదు. "అవునండీ" అంది చిలక.

"మంచిది. చేతిలో ఉన్నది వదులుకోకు" అని లాండ్రీ ఆవిడ లేచింది.

ఆవిడ చెప్పులేసుకుని మెట్లు దిగుతుంటే చిలకకు ఇక కాలు నిలవలేదు. వెనకాలే పరుగెత్తి టైర్ల కొట్టు ముందు పట్టుకుంది.

"అమ్మా, నాకు ఏ ఉద్యోగమూ లేదండీ. సారు చెప్పమంటే చెప్పాను. మీరు ఊఁ అంటే ఇప్పుడే వచ్చేస్తాను."

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"మరి పైన అంతసేపు చెప్పిందేంటి?"

"అది... అభ్యాసమండీ."

"నా కళ్లలోకి చూసి చెప్పావు కదే!"

"అలాగే చూడమని నేర్పారండీ."

లాండ్రీ ఆవిడ నిట్టూర్చింది. "జనం జేబుల్లో ఉంగరాలు మర్చిపోతారమ్మా. కౌంటర్లో పిల్ల 'ఏమీ లేవండీ' అంటే నేను నమ్మాలి. నిన్నెలా నమ్మను? ఇప్పుడు చెప్పేది కూడా అభ్యాసమేమో, నాకేం తెలుసు?"

"పోనీ వెనక పనైనా ఇవ్వండి. దుప్పట్లు పిండుతాను."

"వెనక నాకు మనుషులు చాలామంది ఉన్నారు తల్లీ."

కారు వెళ్లిపోయింది. అబద్ధం నేర్పినవాడు పైన పెద్దమనుషులకు టీ పోయిస్తున్నాడు. నేర్చుకున్న పిల్ల రోడ్డు మీద నిలబడి ఉంది. ఎప్పుడూ ఇంతే. పిల్లల నోట్లో మాట పెట్టేది ఒకడు, చెంపదెబ్బ తినేది పిల్లలు.

ఇంటికెళ్లి అంతా చెప్పేసింది. అక్క ఆ కోటువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టింది. బావకు ఆ పూట హాస్యం రాలేదు. "ఫ్యాక్టరీలో ఇంకెవరైనా మానేస్తారేమో కనుక్కుంటాలే" అన్నాడు, గోడకేసి చూస్తూ.

"అత్తయ్యని మంచం మీద పడుకోబెట్టి నేను నీతోపాటు కింద పడుకుంటానే" అంది అక్క.

"నిండు నెలలతో కింద పడుకుంటావా? నోర్ముయ్" అంది చిలక.

పొద్దున్నే కేంద్రానికి వెళ్లింది, సారుని నాలుగు మాటలతో కడిగేసి రావాలని. దారంతా మాటలు నూరుకుంది. కోటు సారు నోరు తెరవనివ్వలేదు.

"నువ్వు కిందికి పరిగెత్తడం చూశాను. ఏమన్నావో అడగను. కొత్త బ్యాచ్ వస్తోంది. వాళ్లకు మాట్లాడటం నువ్వే నేర్పు. ఏదో కొంచెం జీతం ఇస్తాను. కావాలంటే వెనక గదిలో ఉండు."

చిలక వెనక గదిలోకి తొంగిచూసింది. విరిగిన కుర్చీలు, చుట్టిపెట్టిన పాత బ్యానర్లు, ఊచలకు తుప్పు పట్టిన కిటికీ. కుర్చీలు ఒక పక్కకు జరిపితే మనిషి నడుం వాల్చేంత చోటుంది. తలుపుకు లోపల గడియ ఉంది.

నూరుకున్న మాటలన్నీ మింగేసి, "ఎప్పట్నుంచి రమ్మంటారు సార్?" అంది.

సిగ్గులేదా అని తిట్టేవాళ్లు తిట్టండి. ముందు ఆ పిల్లకు పడుకునే చోటు చూపించి, తర్వాత తిట్టండి.

కొత్త బ్యాచ్ వచ్చింది. అందులో ఒక పిల్ల, బక్కపల్చటిది, నాన్న పాత చొక్కా వేసుకొచ్చింది. లేచి గుక్క తిప్పుకోకుండా తన గురించి చెప్పింది. చదువు ఎందుకు ఆగిందో చెప్పింది, దాచకుండా, ఏడవకుండా. గది గదంతా వింది. కోటు సారు కళ్లు వెలగడం చిలక చూసింది.

టీ వేళ ఆ పిల్లను మెట్ల మీదికి లాక్కెళ్లింది.

"ఇదిగో, రేపట్నుంచి తడబడు."

"ఎందుకక్కా?"

"బాగా మాట్లాడేవాళ్లని ఈయన పంపడు. వచ్చిపోయేవాళ్లకి చూపించుకోవడానికి అట్టే పెట్టుకుంటాడు. మాట రానట్టు నటించు. ఏదో ఒక పనికి తోలేస్తాడు, బయటపడతావు."

ఆ పిల్ల ఎగాదిగా చూసింది. "మీరు బాగా మాట్లాడబట్టే కదక్కా ఇక్కడ ఉద్యోగం ఇచ్చారు?"

"ఇది ఉద్యోగమా? నా మాట విను. నేను చెడి చెబుతున్నాను."

"నేనెక్కడ మీ కుర్చీకి ఎసరు పెడతానోనని భయమా?" పెంకిగా అడిగింది. నవ్వింది కూడా. "భయపడకండి. నాకు దీనికన్నా మంచిదే వస్తుంది. సారు చెప్పారు."

చొక్కా సర్దుకుని చకచకా మెట్లెక్కి పోయింది.

చిలక పైకి వచ్చేసరికి కోటు సారు ఆ పిల్లని వెనక వరస నుంచి లేపి ముందు కూర్చోబెట్టాడు.

"వచ్చావా? ఈ అమ్మాయిని నువ్వు ప్రత్యేకంగా చూసుకోవాలి" అన్నాడు.

"అలాగే సార్" అంది చిలక.