సణుగుడు పెట్టెకు కొత్త బోర్డు

చెప్పొద్దూ, ఆ కంప్యూటర్‌కి నోరెక్కువ. మీట నొక్కితే చాలు, సణుగుడు మొదలు. లెక్క చేస్తున్నంతసేపూ గొంతులో గరగరలాడుతూ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. కంప్యూటర్లు ఇళ్ళలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో కొన్న సరుకు అది. కీబోర్డూ కంప్యూటరూ అంతా ఒకటే పెట్టె, తెర కావాలంటే ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. అత్త దానికి సణుగుడు పెట్టె అని పేరు పెట్టింది. ఆవిడ స్వెట్టర్లు అల్లే మిషన్‌కి, ఏ వరసలో ఏ సూది ఏ రంగు నూలు పట్టుకోవాలో చెప్పేది ఆ పెట్టే.

అంత వాగుడుకాయా ఈమధ్య మాట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. మేనకోడలు వచ్చి మూత విప్పి చూసింది. కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్లు ఉబ్బి, కారి, కింద రాగి గీతలకంతా ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. చిప్పులు నిక్షేపంగా ఉన్నాయి. పోయింది మదర్‌బోర్డు. అలాంటి బోర్డు చేసినవాళ్ళు ఆ పని మానేసి ఒక తరం గడిచిపోయింది.

"నేనే గీస్తాలే అత్తా," అంది మేనకోడలు. ఊరికే అనలేదు, బోర్డులు గీయడం ఆమె ఉద్యోగమే. లిఫ్టులు చేసే కంపెనీలో, జనం రెండంతస్తుల మధ్య వేలాడకుండా చూసే బోర్డులు గీస్తుంది. దీనికైతే పాత చిప్పులు ఊడదీసి కొత్త బోర్డులో గుచ్చాలి, మరలు పట్టే చిల్లులు ఎక్కడున్నవి అక్కడే ఉండాలి. అంతవరకూ తేలికే. పాత బోర్డును ఫోటో తీసి, ఒక్కొక్క గీత వెంటా వేలు పెట్టుకుని నడుస్తుంటేనే ఆమెకు బుర్రలో దురద పుట్టింది. అసలు దీన్ని గీసినవాడు ఇలా ఎందుకు గీశాడు?

స్పీకర్‌కి వెళ్ళే గీత చూడండి. బెత్తెడు దూరం పోతే సరిపోయేదానికి అది దగ్గర దారి వదిలేసి, ఖాళీగా పడున్న ఒక మూలకు వెళ్ళి, అక్కడ మెమరీ గీతలను ఒరుసుకుంటూ పొడుగునా నడిచి, అప్పుడు తీరిగ్గా స్పీకర్ దగ్గరికి వస్తుంది. పక్కవాళ్ళ మాటలన్నీ మోసుకొచ్చి స్పీకర్ చెవిలో వేస్తుంది. ఆ సణుగుడంతా అదే.

ఆ సంగతి టంకం మాస్టారికి చూపించింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్న ఒక చిన్న జట్టుకు పెద్ద. ఆయన వేలెత్తి తప్పు చూపించాడంటే ఇక దానికి తిరుగులేదు.

"బద్ధకమమ్మా," అన్నాడాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని. "సాయంత్రం ఇంటికి పోయే తొందర్లో గీసుంటాడు. నువ్వు మాత్రం శుభ్రంగా గియ్యి. జట్టులో అందరికీ తలా ఒకటి కావాలి. ఆ గోల లేకుండా చేస్తే నీకు దణ్ణం పెడతారు."

కొత్త టీవీలకు తగిలే సాకెట్ కావాలని ఒకరు, మెమరీ కార్డు పెట్టుకునే సందు కావాలని ఒకరు అప్పటికే ఆమె ప్రాణం తోడేస్తున్నారు. తీరా ఆ పెట్టెతో రోజూ పని చేసే మనిషి భూమ్మీద అత్త ఒక్కతే. ఆవిడను అడగాలి కదా అనుకుని అడిగింది.

"నాకేం కావాలే. ఉన్నది ఉన్నట్టు ఉంచు," అంది అత్త.

"ఆ గోలతో సహానా?"

అత్త నూలు ఉండ చుట్టడం ఆపింది. "గోల... ఉంటే ఉండనీ పాపం. దాని దారిన అది ఉంటుంది."

మొహమాటపడుతోందనుకుంది పిచ్చిపిల్ల. తనకు అదనపు పని ఎందుకని అత్త సర్దుకుపోతోందని ముచ్చటపడింది కూడా.

ఇక్కడ మేనకోడలి నాన్న సంగతి చెప్పాలి. ఆయన అత్తకు తమ్ముడు. కళ్ళ డాక్టరు ఆవిడ చూపు గురించి చెప్పినప్పటి నుంచీ వచ్చి తనింట్లో ఉండమని పోరుతున్నాడు. కాస్త మసకే, అంతకంటే ఏం లేదని ఆవిడ దాటేస్తుంది. ఆ మసక ముదిరిన రోజున ఇంటికి తాళం పెట్టి, మిషన్ ఎవరికైనా ఇచ్చేసి, చెయ్యి పట్టుకుని తీసుకుపోతానని ఆయన ఖరాఖండీగా చెప్పేశాడు. అన్నాడంటే చేస్తాడు. మంచివాడు, అదే ఇబ్బంది.

బోర్డు అచ్చుకు పంపేముందు తన ఆలోచన పనిచేస్తుందో లేదో చూద్దామనుకుంది మేనకోడలు. పాత బోర్డు మీదే ఆ తిరుగుబోతు గీతను తెంపేసి, దాని బదులు దూరంగా వేరే వైరు లాగింది. టీవీలో బొమ్మ బాగానే ఉంది. చివరి టంకం పెట్టడానికి ప్లగ్గు దొరక్క టీవీ వైరు పీకి అక్కడ సోల్డరింగ్ ఐరన్ గుచ్చింది. పనయ్యాక మీట నొక్కి చూసింది. స్పీకర్‌లోంచి 'టింగ్' అని ఒక్క శబ్దం. అంతే. సణుగుడు లేదు. గదిలో గడియారం చప్పుడు కూడా వినబడింది.

"ఎలా ఉందత్తా?"

"బాగుంది," అంది అత్త. కాసేపాగి మళ్ళీ అంది, "బాగుంది, బాగుంది."

మేనకోడలు ఎగురుకుంటూ ఇంటికి పోయింది.

మళ్ళీ ఆదివారం వచ్చేసరికి కుర్చీ వీపున ఒక చిన్న స్వెట్టర్ వేలాడుతోంది. ఎదురింటి పాపాయికి అల్లుతున్నది, ఛాతీ మీద అడ్డంగా బాతుల వరస. తీసి చూసి మేనకోడలు నోరు వెళ్ళబెట్టింది. ఒక్క బాతుకూ తల లేదు. పాదాలున్నాయి, పొట్టలున్నాయి, మెడ దగ్గరికి వచ్చేసరికి చదును చేసినట్టు పోయాయి.

"నూలు మంచిది కాదు," అంది అత్త ఇటు తిరక్కుండానే. "కొత్త కొట్టువాడు అంటగట్టాడు."

నూలుకూ తలలకూ సంబంధం ఏమిటని అడగబోయి ఆగింది. అత్త పెట్టె ముందు కూర్చుని పని చేస్తోంది. మీట నొక్కి, కాస్త ఆగి, మిషన్ పిడి ఈ చివర్నుంచి ఆ చివరికి లాగుతోంది. మళ్ళీ మీట. మొహం టీవీ వైపే ఉంది. కిటికీ వెలుగు నేరుగా టీవీ అద్దం మీద పడి మెరుస్తోంది. ఆ మెరుపు వెనక బొమ్మ లేదు. కిందుండే ఎర్ర దీపం కూడా లేదు. మేనకోడలు మెల్లగా వంగి బల్ల కిందికి చూసింది. పోయిన ఆదివారం తను పీకిన టీవీ ప్లగ్గు ఎక్కడ పడేసిందో అక్కడే నేల మీద పడి ఉంది.

గొంతు సవరించుకుని, మామూలుగా అడిగినట్టే అడిగింది. "బొమ్మ ఎలా వస్తోందత్తా?"

"చక్కగా వస్తోంది," అంది అత్త. "ఇదివరకటి కంటే తేటగా ఉంది."

మేనకోడలికి ఏడుపొచ్చింది. చప్పుడు చేయకుండా ఏడ్చింది గానీ, చెవులు అంత పదునైన మనిషి దగ్గర అది దాగుతుందా.

"ఏమయిందే?"

"టీవీకి కరెంటు లేదత్తా. వారం నుంచీ లేదు. నేనే పీకి మర్చిపోయాను."

అత్త చేతులు మీటల మీదే ఆగిపోయాయి. తర్వాత పెద్దగా నిట్టూర్చింది. "అయితే వారం రోజుల్నుంచీ కిటికీని చూసి మురిసిపోతున్నానన్నమాట. మీ నాన్నకి చెప్పకు."

"చెప్పను. మరి ఇన్నాళ్ళూ ఎలా అల్లావు?"

"పెట్టె చెప్పేది కదే."

అప్పుడు చెప్పింది. పెట్టె ఒక్కో వరస లెక్క కట్టుకుంటున్నంతసేపూ సణుగుతుంది. లెక్క తేలగానే నోరు మూస్తుంది. అప్పుడు పిడి లాగాలి. ఇప్పుడు ఎప్పుడు తేలిందో తెలియక తొందరపడి లాగేస్తోంది, తలలు కాస్తా ఎగిరిపోయాయి. అంతేకాదు, ఒంటి రంగు వరసకు ఒక గొంతు, రంగులు కలిసిన వరసకు ఒక గొంతు. "బాతు కన్ను ఉన్న వరస వస్తే చిన్న ఎక్కిలి వస్తుంది. బొమ్మలో గడి తప్పు పెట్టానంటే వెంటనే తెలిసిపోతుంది నాకు."

"మరి గోల తీసేస్తానంటే వద్దని చెప్పొచ్చుగా."

"ఎందుకూ అని అడిగితే ఏం చెప్పను? నీకసలే ప్రతిదానికీ ఎందుకో తెలియాలి."

ఆ మాట నిజమే. ఏడుపు ఇంకా ఆరకుండానే మేనకోడలికి మళ్ళీ దురద పుట్టింది. బాతు కన్ను బోర్డులోంచి ఎక్కిలిగా ఎలా బయటికొస్తోంది?

వెంటనే సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి, తెంపిన గీతను అతికించింది, టీవీ ప్లగ్గు కూడా మళ్ళీ పెట్టేసింది. పెట్టె గరగరమంది. అత్త కుదుటపడింది. "అమ్మయ్య, వచ్చావా," అంది పెట్టెతో.

ఆనాటి నుంచీ వాళ్ళిద్దరి పని చూసి తీరాలి. తప్పు దిద్దడం మేనకోడలికి వచ్చు. తప్పును తప్పుగానే మళ్ళీ గీయడం ఏ చదువులోనూ చెప్పలేదు. పెట్టె మూత తెరిచే ఉంచి, స్పీకర్ వైరును మెమరీ గీతల పక్కకు జరిపి, దూరం జరిపి, పొడుగు పెంచి, తగ్గించి చూసింది. కళ్ళు మూసుకుని అత్త మార్కులు వేసింది.

"ఇది కాదు. జలుబు చేసినట్టుంది."

"ఇది?"

"మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడుతోంది."

"మరిది?"

"ఇది మరీ మా ఆడపడుచులా ఉంది. తగ్గించు."

చివరికి కిటుకు దొరికింది. ఒక్క గీత వల్ల కాదు. ఖాళీ మూలలో ఆ గీతకూ మెమరీ గీతలకూ మధ్య ఉన్న సందు, వాటన్నిటికీ కలిపి ఉన్న ఒక సన్నటి రాగి పట్టీ, రెండూ కలిస్తేనే ఆ గొంతు. పట్టీని అందరూ వెడల్పుగా గీయమంటారు. ఆమె వెంట్రుకంత సన్నగా గీసింది. పాత బోర్డు గీసినవాడు కావాలని గీశాడా, బద్ధకంతో గీశాడా అన్నది తేలలేదు. తేలకపోవడం ఆమెకు కొంచెం కొరతగానే ఉండిపోయింది.

ప్లాను చూసి టంకం మాస్టారు ఎర్ర పెన్సిల్ తీశాడు. "ఇదేమిటమ్మా, ఈ గీత మళ్ళీ పోయి మెమరీ గీతల గుమ్మంలోనే పడుకుంది?"

"అక్కడే ఉండాలి మాస్టారూ."

"గోల చేస్తుంది."

"చెయ్యాలి. ఎందుకని మాత్రం అడక్కండి."

ఆయన ఆమె మొహం చూశాడు. పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. "అయితే మాలాంటివాళ్ళ కోసం పక్కన ఒక స్విచ్ పెట్టు. శుభ్రమైన దారి ఒకటి, నీ దారి ఒకటి. ఎవరికి కావాల్సింది వాళ్ళు పెట్టుకుంటారు."

ఆమె పెట్టింది. స్విచ్‌కి ఒక పక్క 'నిశ్శబ్దం' అని రాసింది. రెండో పక్క ఏం రాయాలో తోచక, చివరికి 'అత్త' అని రాసింది.

ఈలోగా ఎదురింటివాళ్ళు తలల్లేని బాతుల సంగతి నాన్న చెవిన వేశారు. ఆయన కారేసుకుని, మడతపెట్టిన అట్టపెట్టెలతో సహా దిగాడు. బోర్డు ప్లాను పెద్ద కాగితం మీద అచ్చు తీసి అత్తకు చెబుదామని మేనకోడలు అప్పుడే వచ్చి ఉంది.

"అక్కా, బయల్దేరు," అన్నాడాయన గుమ్మంలోంచే.

"కూర్చోరా. వచ్చినవాడివి ఒక వరస చూసిపో."

ఆయన విసుగ్గా కూర్చున్నాడు. అత్త చెయ్యి చాపి, తడిమి, టీవీ ఆపేసింది. తెర నల్లబడింది.

"ఎందుకు ఆపావు?"

"నాకు కనబడదురా తమ్ముడూ. చాన్నాళ్ళయింది. నీకు అబద్ధం చెప్పాను, నన్ను తీసుకుపోతావని భయం వేసి." మీట నొక్కింది. పెట్టె సణిగింది, ఆగింది. పిడి లాగింది. మళ్ళీ సణిగింది. వరస మీద వరస, బాతులకు మెడలొచ్చాయి, తలలు మొదలయ్యాయి. "ఇప్పుడు కన్ను, విను," అంది.

గరగర మధ్యలో చిన్న ఎక్కిలి.

అత్త పిడి లాగింది. నల్ల నూలు ఒక్కొక్క తలలోనూ ఒక్కొక్క చుక్కగా కూర్చుంది. నాన్న ముందుకు వంగి ఆ చుక్కల్ని చూశాడు, వెనక నల్లటి టీవీని చూశాడు. బల్ల మీది కాగితం తన వైపు లాక్కున్నాడు.

"ఈ ఎక్కిలి ఇందులోనూ వస్తుందా?" అని కూతుర్ని అడిగాడు.

"వస్తుంది నాన్నా."

"ఎక్కడ్నుంచి?"

ఆమె మూల చూపించింది. ఆయన కాగితం మొహానికి దగ్గరగా పెట్టుకుని, స్విచ్ పక్కనున్న చిన్న అక్షరాలు చదివాడు. మళ్ళీ చదివాడు, ఈసారి పైకే, 'అత్త' అని. జేబురుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు.

"ఇవి ఉబ్బెత్తుగా వెయ్యగలవా?" అన్నాడు. "చేతికి తగిలేట్టు."

"రాగి మీద టంకం పోస్తే ఉబ్బుతాయి."

"అలా పొయ్యి. పెద్దగా రాయి."

"పెద్దగా అంటే నన్ను లావుగా చూపించకండి," అంది అత్త, తర్వాతి వరస మీట నొక్కుతూ. మేనకోడలు పెన్సిల్ తీసి ఆ మూలలో అక్షరాలకు చోటు పెంచింది.