రక్తానికి చన్నీళ్ళు

ఆ ఆదివారం పొద్దున్నే నేను సబ్బుపొడులతో కుస్తీ మొదలుపెట్టాను. సూపర్ మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర నా ఉద్యోగం. కొత్త సరుకు దిగినప్పుడల్లా కంపెనీ వాళ్ళు చిన్న చిన్న ప్యాకెట్లు ఊరికే ఇచ్చిపోతారు. ఈసారి ఎర్ర ప్యాకెట్లో పొడి, ఆకుపచ్చ సీసాలో ద్రవం, జెల్లీలా మెత్తగా ఉండే బిళ్ళలు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ మా వాషింగ్ మెషిన్లో వేసి, ఏది పనిమంతురాలో ఏది ఒట్టి వాసనల రాణో తేల్చడం నాకు సరదా. మా ఆయన తెల్లచొక్కా తప్ప వేసుకోరు కాబట్టి నా ప్రయోగాలకు గుడ్డల కరువు ఎప్పుడూ లేదు.

ఆ రోజు పరీక్ష ఆయన చొక్కా కుడిచేతి కఫ్ మీద. అక్కడ గోధుమరంగు మరక ఉంది. తాను పనిచేసే గోదాములో అట్టపెట్టె కోస్తుంటే బ్లేడు గీసుకుందన్నారు. ఎర్ర ప్యాకెట్ వేశాను, కదల్లేదు. ఆకుపచ్చ సీసా వంపాను, రంగు కాస్త తేలిందే గాని పోలేదు. నాకు ఒళ్ళు మండింది. రక్తపు మరక ఏదీ ఇంతవరకూ నా చేతిలో పడి బతికి బట్టకట్టలేదు. రక్తానికి చన్నీళ్ళే మందని మా అమ్మ చెప్పేది. వేడినీళ్ళు తగిలాయా, గుడ్డు ఉడికినట్టు రక్తం నూలులోనే ఉడికి గట్టిపడుతుంది, ఇక ఏ సబ్బూ దాన్ని పీకలేదు. నేను వేసింది చన్నీళ్ళలోనే. మరి ఎందుకు పోలేదో అర్థం కాక, బిళ్ళ వేసి మళ్ళీ మెషిన్ తిప్పాను.

అది తిరుగుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు లారీల షెడ్డులో మెకానిక్. ఎవడి మీద కోపం వచ్చినా వాడికి చెయ్యి ముందు లేస్తుంది, మాట తర్వాత వస్తుంది. ఆ రోజు మాట ముందొచ్చింది, అందుకే నాకు భయమేసింది.

“అక్కా, చెల్లి దవడ పగిలింది. మొహం మొహంలా లేదు. పక్కింటి ఆంటీ ఇప్పుడే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.”

“ఎవడ్రా కొట్టింది?”

“అడిగితే నోరు పెగల్లేదు దానికి. ‘బావ’ అంది. కొట్టినట్టు చెయ్యి ఊపి చూపించింది. అంతే, కళ్ళు తేలేసింది. వాడు ఇక్కడే దొరికాడు. నువ్వు రా.”

వాడంటే చెల్లి మొగుడు. మా మేనమామ కొడుకే. అది గౌన్లు వేసుకునే రోజుల నుంచీ వాణ్ణి బావా బావా అంటూ తిరిగింది, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మారలేదు. వాడు ఇళ్ళకు టైల్స్ వేసే మేస్త్రీ. చేతిలో ఎప్పుడూ రబ్బరు సుత్తి ఉంటుంది, నోట్లో ఎప్పుడూ కబుర్ల సుత్తి ఉంటుంది, అందుకని అందరం వాణ్ణి సుత్తి అనే పిలుస్తాం. అప్పుడప్పుడూ తాగుతాడు. తాగితే మొగుడూ పెళ్ళాల అరుపులు వీధి చివరిదాకా వినిపిస్తాయి. చేయి చేసుకున్నట్టు ఎప్పుడూ వినలేదు గాని, నిప్పు లేనిదే పొగ రాదంటారుగా, ఆ సామెత నాకు అప్పుడు భలే అక్కరకొచ్చింది.

మా ఆయన హాల్లో పేపరు చదువుకుంటున్నారు. చెల్లిని సుత్తి కొట్టాడట, వెళ్తున్నానని గుమ్మంలోంచే చెప్పాను. ఆయన పేజీ తిప్పి “వెళ్ళిరా” అన్నారు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాను.

చెల్లి ఇల్లు రెండు వీధుల అవతల. తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది, తమ్ముడు తీశాడు. సుత్తిని కిటికీ ఊచకు నైలాన్ తాడుతో కట్టేసి ఉంచాడు. వాడి కుడికన్ను మూసుకుపోయింది, పై పెదవి రెండుగా చీలింది, చొక్కా గుండీలన్నీ నేల మీద ఉన్నాయి. తమ్ముడి చేతిలో వాడి రబ్బరు సుత్తే ఉంది. నేను లోపలికి వచ్చాక కూడా తమ్ముడు ఆగలేదు. మోకాలి మీద ఒకటి వేశాడు, బస్తా కింద పడ్డ చప్పుడు వచ్చింది.

“నేను కాదు వదినా,” అన్నాడు సుత్తి. మాటతోపాటు రక్తం బుడగలు వచ్చాయి. “నిన్న సైటులోనే ఉన్నా. స్లాబు కింద పడుకున్నా. పొద్దున వచ్చేసరికి అది మంచం మీద మూలుగుతోంది. అంతలో వీడొచ్చాడు. మేస్త్రీలను అడగండి, ఎవరినైనా అడగండి.”

“తాగినోడికి ఎక్కడ పడుకున్నదీ గుర్తుంటుందా?” అన్నాడు తమ్ముడు.

గోడ మీద, మంచానికి పైన, చెల్లి రక్తం చేతిముద్రలా అంటుకుని ఉంది. లేవబోయి గోడ పట్టుకుని ఉంటుంది. అది చూశాక నాకు కళ్ళు కనపడలేదు. కాలి చెప్పు తీసి వాడి చెంప మీద, నోటి మీద, చీలిన పెదవి మీద కొట్టాను. చెప్పు తెగేదాకా కొట్టాను. వాడు మొహం తిప్పుకోలేదు. కొడుతున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది గాని, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

“పోలీసులకి ఇచ్చేద్దామా అక్కా?” అన్నాడు తమ్ముడు.

“ఇద్దాం. ముందు ఆ కుడిచెయ్యి సంగతి చూడు. మా పిల్లని కొట్టిన చెయ్యి మళ్ళీ సుత్తి పట్టకూడదు,” అన్నాను.

“నేను ఇంటికెళ్ళి దానికి బట్టలు తీసుకుని ఆసుపత్రికి పోతా,” అని ఒంటికాలి చెప్పుతో బయటికి వచ్చాను. వెనక నుంచి సుత్తి గొంతు వినిపిస్తూనే ఉంది. “చెయ్యి వద్దు రా, కాలు విరుచుకో, చెయ్యి వద్దు రా” అంటున్నాడు.

ఇంట్లో మెషిన్ ఆగి ఉంది. మా ఆయన పేపరు మడిచి, నేను రావడం చూసి లేచి నిలబడ్డారు.

“ఏమైనా మాట్లాడిందా?” అన్నారు.

“లేదు. దవడ పగిలింది, మాటెక్కడిది,” అన్నాను. ఆయన కూర్చున్నారు.

బీరువాలో చెల్లికి సరిపోయే నైటీ వెతుకుతూ ఉంటే ఆ ప్రశ్న నా మెదడులో అడ్డంగా పడి కదలడం మానేసింది. దెబ్బ తగిలిన మనిషి గురించి అడిగే మొదటి మాట అదా? వద్దనుకున్నా కాళ్ళు మెషిన్ దగ్గరికి నడిచాయి. చొక్కా తీసి చూశాను. మూడు సబ్బులూ ఓడిపోయాయి, మరక అలాగే ఉంది. ఈ రక్తం నేను ముట్టుకోకముందే ఉడికింది. మెషిన్లో వేడినీళ్ళ మీట నేను ఎప్పుడూ వాడను, దాని మీద దుమ్ము పట్టి ఉంటుంది. ఇప్పుడు ఆ దుమ్ములో బొటనవేలి గుర్తు ఉంది. కట్టుకున్న లుంగీ కూడా తీసి బకెట్లో పడెయ్యని మనిషి, నేను షాపులో ఉన్నప్పుడు తన చొక్కా తానే మెషిన్లో వేశారు.

చెల్లి ఇంట్లో మెషిన్ మోటారు కాలిపోయి చాలా రోజులైంది. శనివారాలు మా ఇంటికి వచ్చి ఉతుక్కుంటుంది. నిన్న రాలేదని మా ఆయన చెప్పారు. మెషిన్ మూతి చుట్టూ ఉండే రబ్బరు మడత వేలితో విప్పి చూశాను. అడుగున బియ్యపు గింజలాంటిది చిక్కుకుని ఉంది. వేలికి అంటించుకుని వెలుగులో పెట్టాను. అది పంటి ముక్క.

ఇక్కడి నుంచి ఆ మనిషిని ‘ఆయన’ అనడం నా వల్ల కాదు.

హాల్లోకి వెళ్ళి వాడి కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. బ్లేడు గీత ఎక్కడా లేదు. వేళ్ళ కణుపులు మాత్రం వాచి ఉన్నాయి. రెండో చేతిలోని పంటి ముక్క చూపించాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మా బంధువుల్లో ఎవరింట అల్లుడి ప్రస్తావన వచ్చినా వీడినే ఉదాహరణ చెప్పేవాళ్ళు. గట్టిగా మాట్లాడడు, తాగడు, చొక్కా మడత నలగనివ్వడు. చెల్లి కూడా ఇస్త్రీ బావ అని ఏడిపించేది.

“నోరు ఎక్కువ దానికి,” అన్నాడు మెల్లగా. “చెయ్యి పట్టుకున్నానంతే. అంతమాత్రానికే నా చెంప పగలగొట్టింది. నన్ను. నా ఇంట్లో నిలబడి.”

“దాని మొహం మెషిన్ తలుపుకేసి కొట్టావా?”

“గొడవ చెయ్యకు. తన కాళ్ళ మీదే ఇంటికి పోయిందిగా. సుత్తిగాడే కొట్టాడని అందరూ అనుకుంటున్నారుగా. అలాగే ఉండనీ. పరువు నీది కూడా.”

సుత్తి పేరు వినగానే తమ్ముడికి అప్పజెప్పి వచ్చిన పని గుర్తొచ్చింది. ఫోన్ అందుకున్నాను. వాడు నా జుట్టు పట్టి వెనక్కి లాగి, తల గోడకేసి కొట్టాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి వాడి చేతిబలం తెలిసింది, అదే బలం చెల్లి మీద పడిందని కూడా తెలిసింది. మెషిన్ దాకా పాక్కుంటూ వెళ్ళాను. వాడు కాలితో డొక్కలో తన్నాడు. చేతికి ఎర్ర ప్యాకెట్ తగిలింది. మిగిలిన పొడి అంతా వాడి కళ్ళల్లోకి కొట్టాను. వాడు కళ్ళు నలుపుకుంటూ కేకలు పెట్టాడు. నలుపుకున్న కొద్దీ నురగ వచ్చింది. ఆ సందులో ఫోన్ తీసుకుని బాత్రూంలోకి దూరి గడియ పెట్టాను.

తమ్ముడు ఫోన్ ఎత్తేలోపే వాడు తలుపు తన్నడం మొదలుపెట్టాడు. పైన గడియ మేకులు లేస్తున్నాయి. తలుపుకు వీపు ఆనించి, కాళ్ళు ఎదుటి గోడకు తన్నిపెట్టి కూర్చున్నాను.

“ఆపరా. వాణ్ణి ముట్టుకోకు. కొట్టింది బావ కాదు.”

“బావే అక్కా. చెల్లే చెప్పింది కదా.”

“చెప్పింది బావ గురించే. ఈ బావ కాదు రా, ఆ బావ.”

“ఏ బావ? నీకు మతి పోయిందా?”

వాడి తప్పేం లేదు. మా తమ్ముడికి సుత్తి బావే, నా మొగుడూ బావే. చెల్లికీ అంతే. దవడ సరిగా ఉంటే ‘ఇస్త్రీ బావ’ అని ఉండేది, విరిగిన దవడ ఆ ముందు మాటను మింగేసింది. తాగుబోతు ఒకడు, తెల్లచొక్కా ఒకడు ఉంటే మేమందరం ఎవరి వైపు వేలు చూపిస్తామో ఎవరూ అడగక్కర్లేదు. ఇప్పుడు ఏ పొరపాటూ జరగకుండా చెప్పడానికి నా దగ్గర ఒక్క మాటే ఉంది. అది అనడానికి నోరు రాలేదు. తలుపు వీపు మీద అదురుతోంది.

“మా ఆయన రా,” అన్నాను. “చెల్లిని కొట్టింది మా ఆయన. ఇప్పుడు నన్ను కొడుతున్నాడు. పోలీసులని తీసుకుని రా.”

 అవతల ఏదో నేల మీద పడింది, రబ్బరు సుత్తి అయ్యుంటుంది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. వాడి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది. “నువ్వు చెప్పిన పని అయిపోయింది. మణికట్టు దగ్గర రెండు ముక్కలైంది. వేళ్ళు కదలట్లేదు.”

 మెట్ల మీద పక్క వాటాల వాళ్ళ అడుగులు, ఎవరో మా తలుపు కొట్టడం వినిపించాయి. నా వెనక తన్నులు ఆగాయి. ఫోన్లో దూరంగా, చీలిన పెదవితో, సుత్తి గొంతు వినిపించింది.

“ఫోన్లో వదినేనా? అడగరా, అది ఎలా ఉందట?”

పొద్దుట్నుంచీ ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. నేను కూడా అడగలేదు.