ఎందుకు ఆపారు?

"ఇరవై మూడు శాతం!" టిఫిను ప్లేటు ముందు కూర్చుని భర్త ఫోన్లోంచి పైకి చదివాడు, తప్పిన పిల్ల మార్కులు చదివినట్టు. "మూడు వారాలకి ఇరవై మూడు. నే ముందే చెప్పానా లేదా, అమ్మా?"

అత్తగారు తలెత్తకుండానే, "ఈ వయసులో చదువంటే బుర్రకెక్కొద్దూ?" అంది.

కోడలు ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ మీద ఇస్త్రీపెట్టెను ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంచి, తీసేసింది.

సరదాకి మొదలుపెట్టిన చదువు కాదది. పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఆరేళ్ళుగా రిసెప్షనిస్టు. పేరుకే రిసెప్షనిస్టు, జనం ఉమ్మిన గిన్నెలు కడిగేదీ ఆమే, నేల మీద రక్తపు చుక్కలు తుడిచేదీ ఆమే. డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది: "ఆరు వారాల్లో పేషెంట్ల రికార్డుల కోర్సు సర్టిఫికెట్ తెచ్చావా, ఆ పనీ లోపలి గదీ నీవి. తేలేదా, బయటి మనిషిని పెట్టుకుంటాను. తర్వాత నన్ననుకోకు." ఆ గదికి ఒక తలుపుంది, లోపలి నుంచి గడియుంది. ఆమె ఆశంతా ఆ గడియ మీదే.

ఆన్‌లైన్ కోర్సు. మధ్యలో వదిలేసేవాళ్ళు ఎక్కువని సైటువాళ్ళు ఒక ఏర్పాటు చేశారు. చేరేటప్పుడే జవాబు చెప్పుకోవలసిన మనిషి పేరు ఒకటివ్వాలి. ప్రతి ఆదివారం చదువు రిపోర్టు ఆ మనిషికీ, మనకీ వస్తుంది. ఆమె తోటికోడలి పేరు రాయబోతే భర్త ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని తన పేరు కొట్టాడు. "నాకు కాక ఇంకెవరికి చెప్తావే జవాబు?" అంతటితో ఊరుకున్నాడా? రిపోర్టు ప్రతి ఆదివారం ఆమె చేత్తోనే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్నాడు. నలుగురిలో సిగ్గుపడితేనే పని జరుగుతుందట. పెట్టింది. "వదినా, నత్త దగ్గర ట్యూషనా?" అని ఆడపడుచు. "పాపం, ఆడవాళ్ళకి ఫోకస్ తక్కువ" అని బావగారు. మామగారు బొటనవేలి బొమ్మ పెట్టాడు.

చదువు ఎందుకు సాగడం లేదని ఒక్కరూ అడగలేదు. అడిగింది సైటు ఒక్కటే. పాఠం ఆపినప్పుడల్లా చిన్న గడి తెరుచుకుని "ఎందుకు ఆపారు?" అంటుంది. ఇన్నాళ్ళూ అందులో "పని" అని రాసి తప్పించుకునేది. ఒకసారి "నా బద్ధకం" అని కూడా రాసింది, మహాతల్లి! అలా రాసిందంతా రిపోర్టులో అంకె కింద అచ్చవుతుంది. ఆయన అంకె దాటి కిందికి ఎప్పుడూ చూడలేదు.

ఆ చొక్కా మడతపెట్టి వచ్చి పాఠం తెరిచింది. ఆ పూట నుంచి గడిలో నిజమే రాసింది.

తర్వాతి ఆదివారం రిపోర్టు మూడు పేజీలొచ్చింది. ఒక్క అక్షరం తీయకుండా గ్రూపులో పెట్టింది.

"ఏడూ పది: సాక్సు ఎక్కడని ఆయన. ఆయన కాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఏడూ పన్నెండు: రెండో సాక్సు. సాయంత్రం ఆరున్నర: టీవీ రిమోటు అందించమని అత్తయ్య. రిమోటు అత్తయ్యకి మూరెడు దూరంలో, నేను వంటింట్లో. ఎనిమిది: ఆడపడుచు ఫోను, నలభై నిమిషాలు, వాళ్ళ అత్తగారు ఊపిరాడనివ్వడం లేదని ఏడుపు. ఓదార్చాను. శనివారం: బావగారు వచ్చారు. నాలుగు టీలు. ఫోకస్ ఎలా పెంచుకోవాలో నాకు గంటసేపు చెప్పారు. వారం మొత్తం మీద: ఎంతయిందని అడగడానికి ఆయన, పదకొండు సార్లు."

హాల్లో మామగారు కళ్ళజోడు పెట్టుకుని అత్తగారికి చదివి వినిపిస్తూ రిమోటు దగ్గర ఆగిపోయాడు. బావగారు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తోటికోడలి నుంచి ఒక్క మెసేజీ: "చెల్లీ, ఆ సైటు పేరు పంపు."

భర్త గదిలోకి దూసుకొచ్చాడు. "తీసెయ్! ముందది తీసెయ్! ఇంటి గుట్టు బయటపెడతావా?"

ఆమె పాఠం ఆపింది. గడి తెరుచుకుంది. ఆయన చూస్తుండగానే, పైకి చదువుతూ కొట్టింది: "పదీ నలభై. తీసెయ్యమని ఆయన అరుపు." కళ్ళెత్తి చూసింది. "ఇంకా ఎంతసేపు అరుస్తారో చెప్పండి, నిమిషాలు వేసుకోవాలి."

ఆయన నోరు తెరిచాడు. గడిలో కర్సర్ గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. నోరు మూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత సాక్సులు ఆయనకే దొరికాయి. రిమోటు అత్తగారికే అందింది. ఆఖరి పాఠం గడువుకి రెండు రోజుల ముందే అయిపోయింది.

సర్టిఫికెట్ వచ్చిన సాయంత్రం ఆయన మెత్తగా వచ్చి పక్కన కూర్చున్నాడు. "అన్నయ్య నాతో మాట్లాడటం లేదే. అయినా అందరం మారాం కదా? ఇప్పుడైనా ఆ మూడు పేజీలు తీసెయ్."

మారారా? ఆమె నిజంగానే ఆలోచించింది. ఆమె వస్తే గొంతులు తగ్గుతున్నాయి. పిలవబోయి మింగేస్తున్నారు. అది ప్రేమ కాదు, బుద్ధి రావడం అసలే కాదు. అదేమిటో ఆమెకు తెలియనిదా? ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి దాంతోనే లేచి, దాంతోనే పడుకుంది.

"తీయనండి" అంది. "నేను పదహారేళ్ళు భయపడ్డాను. మీకు మొదలై ఇంకా రెండు వారాలేగా."