కిటికీ అద్దానికి ఇద్దరు కావాలి

తడిపిన చపాతీ పిండి ముద్దని కార్పెట్ మీద ఒత్తుతూ ఉన్నాను. చీపురికీ వాక్యూమ్‌కీ దొరకని గాజు రవ్వలు పిండికి అంటుకుంటాయి. కిటికీలోంచి రాయి పడి నాలుగు రోజులైనా రోజూ ఈ పని తప్పడం లేదు. ఎక్కడో ఒక రవ్వ మిగిలే ఉంటుంది, సాయంత్రానికి ఎవరి కాల్లోనో దిగుతుంది.

"ఏంది చెల్లె, ఇంటికి రొట్టె తినిపిస్తున్నవా?" అంటూ సుమతక్క వెనక తలుపు తోసుకుని వచ్చింది.

"తింటోందక్కా. నీకంటే బాగా తింటోంది."

"నాకు పెడ్తే గద తినేది," అని నా పక్కన చతికిలబడి తనూ ఒక ముద్ద తుంచుకుంది.

సుమతక్కది వరంగల్. మా ఇంటికి రెండు వీధుల అవతల అపార్ట్‌మెంట్లో కింది వాటాలో ఉంటారు. ఆ ఏడాది, అంటే 1987లో, న్యూజెర్సీలో మేమున్న ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు కార్లలో తిరుగుతూ బొట్టు కనబడితే చాలు కొట్టేవాళ్ళు. ఆగస్టులో ఆమె భర్త దామోదర్ గారిని బస్‌స్టాప్ దగ్గర పట్టుకుని రెండు పక్కటెముకలు విరగ్గొట్టారు. తర్వాతి వారం వాళ్ళ తలుపు తన్ని పగలగొట్టారు. వాళ్ళు వెళ్ళేదాకా గంటసేపు ఆమె బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చుంది. అప్పట్నుంచీ భర్త ఆఫీసుకి వెళ్ళగానే మా ఇంటికి వచ్చేస్తుంది, ఆయన తిరిగొచ్చేదాకా ఉంటుంది. పగలు ఆమెకి వేరే చోటు లేదు.

మా ఇంటి మీదా మూడు రాళ్ళు పడ్డాయి. మా ఆయన సుందర్ రాజ్‌ది ఒకటే మాట. "మనం క్రిస్టియన్లం. వాళ్ళూ క్రిస్టియన్లే. మనతో వాళ్ళకి గొడవేంటి? ఆవిడ బొట్టు చూసి వేస్తున్నారు." ఒకసారి ఆమెతోనే అన్నాడు, నవ్వుతూనే. "సుమతి గారూ, ఇక్కడికి వచ్చేటప్పుడైనా ఆ రూపాయి బిళ్ళ తీసేయొచ్చు కదండీ."

"మా ఆయన పక్కటెముకలు వాళ్ళని తెచ్చియ్యమను అన్నా, అప్పుడు తీస్త," అంది ఆమె.

మూడో రాయి పడ్డ మర్నాడు మా ఆయన రెండంగుళాలకి నాలుగంగుళాల చెక్కలు తెచ్చి ఆరడుగుల సిలువ చేశాడు. తెల్లరంగు వేసి ముందు తోటలో చామంతుల మధ్య పాతాడు. "ఇంక చూడు, ఒక్కడొస్తాడేమో," అన్నాడు. గుంజ పొడవులో మూడో వంతు నేలలో ఉండాలనీ, చుట్టూ రాళ్ళు దట్టించాలనీ నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఇంటి మరమ్మతుల పుస్తకంలో బొమ్మ వేసి మరీ ఉంది. ఆయన జానెడు గొయ్యి తవ్వాడు. పక్కనే నిలబడి చూశాను గానీ చెప్పలేదు. నేను చెప్పే మనిషిని కాను. మా ఊరి బళ్ళో పిల్లలంతా చేరి నా ఉత్త నుదుటి మీద ఎర్ర సుద్దతో బొట్టు పెట్టి నవ్వినప్పుడూ ఏమీ అనలేదు. ఇంటికి వెళ్ళే దారిలో తుడుచుకున్నాను.

మధ్యాహ్నం ఇద్దరం కలిసి కిటికీ పని మొదలుపెట్టాం. అప్పటికి అద్దం బిగించడం నాకు బాగానే వచ్చింది. అద్దాన్ని చట్రానికి అతికించే పాత పుట్టీ అంతా ఉలితో గీకెయ్యాలి. రంగు లేని ఉత్త చెక్క బయటపడితే దానికి నూనె పట్టించాలి, లేకపోతే అది కొత్త పుట్టీలో నూనె పీల్చేసి పగుళ్ళు తెస్తుంది. అద్దాన్ని చట్రం కంటే అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ కోయించుకోవాలి. మా ముందు గది కిటికీకి లోపలి నుంచే బిగించే వీలుంది. కానీ అంత పెద్ద అద్దానికి ఒక్కరి చేతులు చాలవు. ఒకరు దాన్ని పుట్టీలోకి ఒత్తి పట్టుకుంటే ఇంకొకరు అంచుల్లో చిన్న మేకులు కొట్టాలి.

అడ్డం కొట్టిన ప్లైవుడ్ ఊడదీసేటప్పుడు రెండుగా చీలిపోయింది. "పోనీ తియ్, గంటల అద్దమే పెడ్తం గద," అంది సుమతక్క. చట్రం చుట్టూ పుట్టీ పరిచేసరికి నాలుగున్నర అయింది. మా ఆయన కారు వచ్చి ఆగింది.

దాని వెనకే గోధుమరంగు కారు ఆగింది. అందులోంచి నలుగురు దిగారు. పద్దెనిమిదేళ్ళు మించవు. ఒకడు చామంతులు తొక్కుకుంటూ వెళ్ళి సిలువని ఒక్క గుంజు గుంజాడు. ముల్లంగి ఊడినట్టు ఊడింది.

"వుయ్ ఆర్ క్రిస్టియన్స్!" ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. "దట్ ఈజ్ మై క్రాస్! క్రిస్టియన్స్!"

వాడు నవ్వాడు. సిలువని మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకుని తిప్పి ఆయన మొహం మీద కొట్టాడు.

ఎముక విరిగిన చప్పుడు అద్దం లేని కిటికీలోంచి తిన్నగా లోపలికి వచ్చింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడో దెబ్బకి అడ్డచెక్క ఊడి ఎగిరిపోయింది. మిగిలినవాళ్ళు బూట్లతో పొట్టలో, వీపు మీద తన్నారు. నేను కిటికీ గట్టు పట్టుకుని నిలబడిపోయాను.

సుమతక్క సుత్తి అందుకుని చట్రంలోంచే బయటికి దూకింది. చీర కొంగు మేకుకి తగులుకుని బర్రున చిరిగింది. "వదులు! వదులురా ఆయన్ని!" అని అరుస్తూ వెళ్ళి కర్ర పట్టినవాడి మోచేతి మీద కొట్టింది. వాడు కీచుమని అరిచి కర్ర వదిలేశాడు. ఇంకొకడు ఆమె జడ పట్టి ఈడ్చి తలని కారు తలుపుకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఆమె సుత్తి మాత్రం వదల్లేదు. దాంతో వాళ్ళ కారు లైటు బద్దలు కొట్టింది. ఎదురింటి ముసలావిడ వాకిట్లోకి వచ్చి కేకలు పెట్టేసరికి వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు.

సుమతక్కే ఆయన చంకల కింద చేతులు వేసి లోపలికి లాక్కొచ్చింది. నేను ఫోన్ చేశాను. అంబులెన్స్, పోలీసులు వస్తున్నామన్నారు.

సోఫాలో కూర్చున్న ఆయన ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయింది. అరచేతిలో రెండు పళ్ళున్నాయి. "కిటికీ ముయ్యండి," అన్నాడు. "మళ్ళీ వస్తారు. ముందు కిటికీ ముయ్యండి."

ఇద్దరం అద్దం ఎత్తి చట్రంలో పెట్టాం. నేను రెండు అరచేతులతో ఒత్తి పట్టుకున్నాను. సుమతక్క మేకులు పెదాల మధ్య పెట్టుకుని కొట్టడం మొదలుపెట్టింది. నుదురు చిట్లి, రక్తం కుంకుమని ముక్కు దాకా దించింది. రెండు మేకులు దిగాయి.

"నేను చెప్తూనే ఉన్నాను వాళ్ళకి," అన్నాడు ఆయన వెనక నుంచి. "వినేవాళ్ళే. ఇంతలో నువ్వు ఆ మొహం వేసుకుని దూకావు."

ఆమెని ఆయన ఎప్పుడూ 'మీరు' అనే అనేవాడు.

"నీ బొట్టు వల్లే వాళ్ళు నా ఇంటి మీద పడ్డారు. ఇంక ఈ గుమ్మం తొక్కకు. వసంతా, నువ్వు చెప్పు ఆవిడకి. రావద్దని నీ నోటితో నువ్వే చెప్పు."

సుత్తి ఆగింది. సుమతక్క నా వైపు తిరిగింది. మేకులు ఇంకా పెదాల మధ్యే ఉన్నాయి. రేపు పొద్దున ఎనిమిదింటికి దామోదర్ గారు బస్సెక్కుతారు. ఆ తర్వాత ఆ కింది వాటాలో ఆమె ఒక్కతే. 'రా అక్కా' అంటే చాలు, రెండే మాటలు. ఆమె దానికోసమే చూస్తోందని నాకు తెలుసు. నేను పుట్టీ వైపు చూశాను. దాని మీద నా వేలిముద్రలు వరసగా ఉన్నాయి.

ఆమె మేకులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. వాటి పక్కన సుత్తి పెట్టింది. చిరిగిన కొంగు నడుముకి దోపుకుంది.

రెండు మేకులే ఉన్నాయి. చేతులు తీస్తే అద్దం పడిపోతుంది. పట్టుకునే ఉన్నాను.

ముందు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. అద్దం అవతల ఆమె చామంతుల మధ్య గొయ్యి దాటి రోడ్డెక్కింది. వెనక్కి తిరక్కుండా వాళ్ళింటి వైపు నడిచి వెళ్ళిపోయింది.