నీళ్ళు తేరేదాకా

శాంతయ్య కన్ను తీయాలని నేను ఏడాది పాటు ఎదురుచూశాను. కాలో చెయ్యో కాదు, కన్నే. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఆదివారం చర్చిలో ప్రార్థనకు కళ్ళు మూసుకోమంటే, మూసిన కళ్ళ ముందు వాడి కుడికన్నే కనబడేది. పాస్టరు గారు క్షమించమన్నారు. ఆయన కళ్ళు రెండూ ఆయనకున్నాయి, ఎన్నైనా చెబుతారు.

మాది రాజోలి. మా ఆయన పేరు పెద్దన్న. వానాకాలమంతా కూలికి పోతాం, తుంగభద్రలో వరద తగ్గాక గాలాలు పట్టుకుని ఒడ్డుకు చేరతాం. మాకు పడవ లేదు, వల లేదు. ఒడ్డున నిలబడి విసరడమే. తంగూసు దారం చివర సీసపు గుండు, దానికి కాస్త పైన రెండు గాలాలు, గాలాలకు జొన్నపిండి ముద్దలు. ఆ గుండును తల చుట్టూ గిరగిరా తిప్పి వదిలితే నది నడిమి బండల దాకా పోతుంది. తిప్పేముందు "కూసోండ్రి" అని గట్టిగా పిలవాలి. పిలుపు వినగానే వెనకా పక్కలా ఉన్నవాళ్ళు ఉన్నచోటే కూలబడతారు. చేతిలో చాయ్ ఉన్నా, నోట్లో బువ్వ ఉన్నా సరే. మా ఒడ్డున ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. చిన్నప్పటి నుంచి చూసి చూసి ఒంటికి పట్టేస్తుంది.

పోయినేడు, మా ఒడ్డునే గాలమేసే ఈ శాంతయ్య పిలవకుండానే తిప్పాడు. వెనక నిలబడి గాలానికి పిండి పెట్టుకుంటున్న మా ఆయనకు గుండు తగిలి కుడికన్ను పోయింది. దవాఖానలో పది రోజులున్నాం, కన్ను నిలవలేదు. తిరిగొచ్చాక ఒడ్డు మీదే పంచాయితీ పెట్టారు. మేం పట్టిన చేపల్ని ఊళ్ళోకి మోసుకుపోయి అమ్మే పార్వతమ్మే మా అందరికీ పెద్ద. ఆమె అడిగితే శాంతయ్య దోసిట్లో నది నీళ్ళు పట్టి ప్రమాణం చేశాడు. తాను పిలిచాడట. పెద్దన్నే తాగి ఉండి కూర్చోలేకపోయాడట.

మా ఆయన ఆ పొద్దు చుక్క ముట్టలేదు. అయితే అంతకుముందు తాగినవాడే కనక, అందరూ తలలూపారు. కన్ను పోయినందుకు కాదు, ఆ తలలూపుడుకే ఆయన కుంగిపోయాడు. బజారులో ఎవరు నవ్వినా తనను చూసే నవ్వారనుకుని ఇల్లు కదలడం మానేశాడు. శాంతయ్య నోటి నుంచి ఆ అబద్ధం వెనక్కి రావాలి, నాకు కావలసింది అంతే. రెండుసార్లు వాడి ఇంటికి పోయి అడిగాను. రెండుసార్లూ తలుపేసుకున్నాడు. ఇక వాడి నోటితో నాకు పనిలేదనుకున్నాను. కన్ను చాలు.

ఒంటికంటికి దూరం తెలియదు. మా ఆయన విసిరితే గుండు పది గజాలకే పడేది. ఇక నువ్వే నేర్చుకో అన్నాడు. ఎండాకాలమంతా కోసేసిన జొన్నచేలో నిలబెట్టి నాకు నేర్పాడు. కంచె గుంజ మీద ఓటి కుండ బోర్లించి దాన్ని కొట్టమనేవాడు. మణికట్టు ఎప్పుడు తిప్పాలో, దారం ఎప్పుడు వదలాలో ఓపిగ్గా చెప్పాడు. ఒక బార, అంటే చాచిన రెండు చేతులంత దారం మాత్రమే వదిలి తిప్పాలని, అంతకు మించితే చుట్టుపక్కల వాళ్ళ ప్రాణాల మీదికి వస్తుందని కూడా చెప్పాడు. అన్నిటికంటే బాగా నేను గుర్తుపెట్టుకున్నది ఆ మాటే. కుండ పగిలిన ప్రతిసారీ ఆయన చప్పట్లు కొట్టాడు. పాపం, నేను చేపల కోసమే నేర్చుకుంటున్నాననుకున్నాడు.

దసరా పోయినా నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఎర్రనీళ్ళలో చేప ఒడ్డుకే వచ్చి మేస్తుంది, దారం కాళ్ళ దగ్గర జారవిడిస్తే చాలు. నీళ్ళు తేరాక దానికి మనిషి నీడ కనబడుతుంది, బెదిరి నడిమి బండల కిందికి పోతుంది. గుండ్లు తిప్పడం అప్పుడు మొదలవుతుంది. నాకు ఆ తేటనీళ్ళు కావాలి. రోజూ పొద్దున్నే మోకాళ్ళ లోతు దిగి కిందికి చూసుకునేదాన్ని. కాలి మెట్టెలు కనబడితే నీళ్ళు తేరినట్టు. మెట్టెలు కాదు గదా, కాళ్ళే కనబడేవి కావు. ఎగువన మళ్ళీ వాన పడిందని ఎవరైనా అంటే, ఆ వానను కూడా బండబూతులు తిట్టేదాన్ని.

దీపావళి దాటాక గాలి మారింది. తెల్లవారుజామున చలి మొదలైంది, వరద పూర్తిగా తీసి ఒడ్డున తడి ఇసుక మూడు గజాలు బయటపడింది. ఒక పొద్దున దిగి చూస్తే మెట్టెలు రెండూ కనబడ్డాయి.

ఆ పూట ఒడ్డున ఏడెనిమిది మందిమి ఉన్నాం. నేను బతిమాలగా బతిమాలగా మా ఆయన కూడా వచ్చి, ఎడంగా కూర్చుని పిండి పిసుకుతున్నాడు. పార్వతమ్మ బుట్ట దించుకుని చాయ్ తాగుతోంది. శాంతయ్య నాకు రెండు బారల వెనక నిలబడి దారం చిక్కు తీసుకుంటున్నాడు. వాడికి సిగ్గెక్కడిది? ఆడదానివి, ఈ విసురుడు నీకెందుకమ్మా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

దారం రెండు బారలు వదిలాను. పిలవలేదు. తిప్పాను. మూడో చుట్టులో గుండు వాడి మొహానికి తగలడం నా చేతికి తెలిసింది.

వాడు కెవ్వుమని ఇసుకలో పడ్డాడు. పోయి చూస్తే గుండు కంటికి రెండు వేళ్ళ కింద చెంప ఎముక మీద తగిలింది. చెంప చీలి రక్తం కారుతోంది. కన్ను మాత్రం అలాగే ఉండి నన్నే చూస్తోంది. ఛీ, నా చెయ్యి పడిపోను అనుకున్నాను.

అందరూ మూగారు. పార్వతమ్మ కొంగు తడిపి వాడి చెంపకు అద్దుతూ, పిలిచినవా బిడ్డా అని నన్నడిగింది.

"పిలిచిన పెద్దమ్మా," అన్నాను. "శాంతయ్యనే కూసోలే."

కావాలంటే దోసిట్లో నీళ్ళు పడతానన్నాను. శాంతయ్య రొప్పుతూ లేచి కూర్చున్నాడు.

"అబద్ధం పెద్దమ్మా. పిలువలే. పిలిస్తే నేను కూసోకపోదునా? ఈ ఒడ్డు మీద పెరిగినోన్ని, పిలిస్తే ఒళ్ళు నిలవడ్తదా?"

తాను ఏమన్నాడో వాడికింకా అర్థం కాలేదు. పార్వతమ్మ అద్దడం ఆపింది.

"గట్లనా శాంతయ్యా," అంది. "మరి పోయినేడు పెద్దన్న ఒళ్ళెట్ల నిలవడ్డది?"

వాడు మళ్ళీ తాగుడు సంగతి ఎత్తబోయాడు. తాగినవాడైతే ఇంకా తొందరగా కూలబడతాడు గదా అని ఎవరో అన్నారు. వాడు అందరి మొహాలూ చూశాడు. తలూపే వాడు ఒక్కడు లేడు. ఇసుకలోకి చూస్తూ నోరు విప్పాడు.

"పిలువలే. నడిమిట్ల బొచ్చె చేప ఎగిరింది. తొందర్ల మర్సిన."

మరిచాడట. ఇంత చిన్న మాట ఏడాది కిందట అని ఉంటే వాడి సొమ్మేం పోయేది? పార్వతమ్మ లేచి వెళ్ళి మా ఆయన చేతులు పట్టుకుంది, తప్పయింది బిడ్డా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మిగిలినవాళ్ళు ఆయన పక్కన చేరారు. నేను గెలిచాననుకున్నాను. మా ఆయన మొహంలో ఆ సంతోషం చూడాలని నిలబడ్డాను.

ఆయన వాళ్ళను తప్పించుకుని నా దగ్గరకొచ్చాడు. నాకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"భాగ్యమ్మా, నీవు పిలిచినవా?"

పార్వతమ్మకు చెప్పినంత సులువుగా ఆయనకు చెప్పలేకపోయాను.

"పిలువలే. కన్నే పోవాల్నని తిప్పిన."

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మిగిలిన పిండి మూటగట్టుకుని ఇంటిదారి పట్టాడు.

ఇప్పుడు ఊళ్ళో ఎవరూ ఆయన్ను తాగుబోతు అనరు. చాయ్ హోటల్లో పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. శాంతయ్య మేం ఎదురైతే దారి మార్చుకుని పోతాడు, వాడి మీద నాకు ఈ రోజుకీ జాలి లేదు. మా ఆయన రోజూ నాతో ఒడ్డుకు వస్తాడు, పిండి ముద్దలు చేసిస్తాడు, చేప పడితే మురుస్తాడు. నేను గుండు చేతికి తీసుకోగానే మాత్రం లేచి, దారం అందనంత దూరం నడిచిపోతాడు. గొంతు చించుకుని పిలుస్తాను. ఆయన కూర్చోడు. అక్కడే నిలబడి, గుండు నీళ్ళలో పడేదాకా నా చేతినే చూస్తుంటాడు.